అరచేతిలో పాఠము



మెదకు దేవాలయమును మీరు చూచియే యుందురు. 1924వ సంవత్సరము క్రిస్మస్ దినమున ప్రతిష్ఠింపబడిన ఆ గుడిలో, రంగుటద్దములగుండా పగటి వెలుగు దిగుచుండగా, ప్రభువు జననమును సిలువను ఆరోహణమును చూచి పల్లెలనుండి వచ్చినవారు నోరు తెఱచి నిలిచిపోవుదురు. గంట మ్రోగును. వేలమంది కలిసి పాడుదురు.

చూపును వినికిడియు రెండును లేని ఒక పిల్ల ఆ గుడిలోనికి వచ్చెననుకొనుడి. ఆమెకు ఆ రంగులు లేవు, ఆ పాటయు లేదు. పాదముల క్రింద చల్లని నేల యున్నది. ప్రక్కన కూర్చున్నవారి చేయి యున్నది. ఆ చేయి ఊరకుండినయెడల అక్కడ ఆరాధన జరుగుచున్నదని కూడ ఆమెకు తెలియదు.

ఇట్టివారిని బధిరాంధులందురు. కొందరు పుట్టుకతోనే అట్లుందురు. కొందరు జబ్బు వలన అగుదురు. మఱికొందరు చెవిటివారుగా పుట్టి, పెరిగినకొలది చూపును కూడ కోల్పోవుదురు. ఇప్పుడు ఆ పిల్ల బుద్ధిమంతురాలై, ఇంటర్మీడియట్ గట్టెక్కి, కళాశాలకు పోవలెనని కోరుచున్నదనుకొనుడి. అధ్యాపకుడు చెప్పు ప్రతి మాటను ఆమె అరచేతిలో అక్షరములుగా గాని సంజ్ఞలుగా గాని చెప్పుటకు ఒకరు దినమెల్ల ప్రక్కన కూర్చుండవలెను. పుస్తకములు చుక్కల లిపిలో నుండవలెను. పరీక్షకు ఎక్కువ సమయము కావలెను.

ఈ సంగతి చెప్పగానే సంఘపెద్దలలో ఒకరు లేచి, "అయ్యగారూ, ఒక్క పిల్ల కోసం ఇంకొక మనిషి కాలమంతా పోవాలెనా? ఆ పైసలతో పదిమంది బీదపిల్లలు చదువుకుంటరు గదా!" అనవచ్చును. ఇది కఠినహృదయుని ప్రశ్న కాదు. కానుకపెట్టెలోని చిల్లరను లెక్కించి అలసిన మనుష్యుని ప్రశ్న. కనుక దానిని త్రోసివేయక విచారింతము.

మొదట మన తరగతిగదిని చూడుడి. నల్లబల్ల ఎవరి కొఱకు? దీపములు ఎవరి కొఱకు? వెనుక బల్లవారికి వినబడునట్లు మైకు పెట్టినది ఎవరి కొఱకు? ఇవన్నియు కన్నులు చెవులు గలవారి కొఱకు సొమ్ము పోసి చేసిన ఏర్పాటులే. ఆ పిల్లకు దీపము అక్కఱలేదు, మైకు అక్కఱలేదు. అయినను వాటి ఖర్చులో ఆమె తండ్రి కట్టిన పన్ను కూడ కలదు. మనకు చేసిన ఏర్పాటును సౌకర్యమనియు, ఆమెకు చేసినదానిని దయాధర్మమనియు పిలుచుచున్నాము. ఈ పేరు పెట్టుటలోనే మన అన్యాయము మొదలగుచున్నదని నా తలంపు.

అమెరికా దేశస్థురాలగు హెలెన్ కెల్లర్ సంగతి చాలమంది వినియుందురు. పందొమ్మిది నెలల ప్రాయమున జబ్బుచేసి రెండు ఇంద్రియములును కోల్పోయిన ఆమె, 1900లో రాడ్‌క్లిఫ్ కళాశాలలో చేరి 1904లో పట్టము పొందెను. 1955లో మన దేశమునకు కూడ వచ్చెను. ఆమె గొప్పతనమును గూర్చి ప్రసంగములు చేయుదుము గాని, ఆన్ సలివన్ కన్నులను గూర్చి ఎవరును చెప్పరు. 1887 మొదలు ఆమెకు ఉపాధ్యాయురాలైన ఈ స్త్రీ, తరగతిలో ప్రక్కన కూర్చుండి పాఠమంతయు ఆమె చేతిలో చెప్పెను. చుక్కల లిపిలో దొరకని పుస్తకములను తాను చదివి చేతిలో వ్రాసెను. చిన్ననాటి జబ్బు వలన ఆన్ కన్నులు మొదటనే బలహీనములు. ఆ చదువుతో అవి మఱింత పాడైనవి. పెద్దగారి ప్రశ్నకు ఇక్కడ కొంత బలము కలదని ఒప్పుకొనవలెను: ఒకరి చదువు మఱియొకరి కన్నులను తినివేయవచ్చును. అయితే తప్పు ఆ చదువుది కాదు. అందరు పంచుకొనవలసిన భారమును ప్రేమగల ఒక్క మనిషిమీద వేసి మిగిలినవారు చప్పట్లు కొట్టుటయే తప్పు. మన యిండ్లలో ఆ ఒక్క మనిషి తరచుగా తల్లియే.

సగము చేసిన సహాయమును గూర్చియు ఒక మాట. 1899లో హెలెన్ ప్రవేశపరీక్ష వ్రాసినప్పుడు ప్రశ్నలను ఆమెకు చదివి చెప్పుటకు ఆన్‌ను అనుమతింపలేదు. వేఱొకరు ప్రశ్నలను చుక్కల లిపిలోనికి ఎత్తి యిచ్చిరి. కాని బీజగణితములో వాడిన గుర్తులు ఒక పద్ధతివి, ఆమె నేర్చినవి మఱియొక పద్ధతివి! లెక్క వచ్చును, గుర్తు తెలియదు. అయినను ఆమె గెలిచెను. అధికారులు ఆమెకు కీడు తలపెట్టలేదు, విచారింపలేదు అంతే. గ్రుడ్డివాని యెదుట అడ్డము వేయరాదని లేవీయకాండము పందొమ్మిదవ అధ్యాయము ఆజ్ఞాపించినప్పుడు, చేతితో తెచ్చి పెట్టిన రాయిని గూర్చి మాత్రమే చెప్పెనని అనుకొందుమా?

మన దేశములో 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము బధిరాంధత్వమును పేరు పెట్టి చెప్పినది. ప్రభుత్వ కళాశాలలలోను, ప్రభుత్వ సహాయము పొందు కళాశాలలలోను నూటికి అయిదు స్థానములకు తక్కువ కాకుండ నిర్ణీత వైకల్యము గలవారికి ఉంచవలెనని విధించినది. లేఖకుని సహాయముతో పరీక్ష వ్రాయువారికి గంటకు ఇరువది నిమిషములకు తక్కువ కాకుండ అదనపు సమయమియ్యవలెనని 2018లో కేంద్రప్రభుత్వము సూచించినది. మంచిదే. కాని స్థానము కాగితముమీద దొరకి, చేతిలో చెప్పు చేయి దొరకకపోయినచో ఆ పిల్ల తరగతిలో నాలుగు గోడల మధ్య కూర్చున్నట్లే. 2013లో హేబెన్ గిర్మా అను బధిరాంధురాలు హార్వర్డ్ న్యాయకళాశాలలో పట్టము పొందెను. ఎదుటివారు మీటలమీద మాటను కొట్టగానే ఆమె వ్రేళ్ల క్రింద చుక్కలు లేచు యంత్రమును ఆమె వాడును. మన తెలుగు అక్షరములును ఆ ఆఱు చుక్కలలో ఇముడును.

యంత్రము వచ్చినను మనిషి స్వభావము మిగిలియే యుండును. తరగతిలో ఎవరో నవ్వుదురు. ఆ పిల్ల, "ఏమైనది?" అని అడుగును. ప్రక్కనున్నవారు విసుగుచెంది ఆమె చేతిలో, "ఏమీ లేదు" అని వ్రాయుదురు. ఏది ఆమెకు తెలియవలెనో, ఏది అక్కఱలేదో నిర్ణయించుటకు మనమెవరము? వెఱ్ఱి పరిహాసమైనను ఉన్నదున్నట్లు చెప్పుడి. నవ్వుటయో మానుటయో ఆమె ఇష్టము. పెద్ద ఖర్చులకన్న ఈ చిన్న విధేయత కష్టము.

మార్కు సువార్త ఏడవ అధ్యాయములో ప్రభువు చెవిటివానిని గుంపులోనుండి ప్రక్కకు తీసికొనిపోయి, నోట మాట పలుకకముందే అతని చెవులను నాలుకను ముట్టెను. అతనికి తెలియు భాష అదియే గదా.

మీ ఊరిలో అట్టివారుండినయెడల, వెనుకనుండి పట్టి లాగకుడి. ముంజేతిమీద మెల్లగా ముట్టి, మీరెవరో తెలియునట్లు ఒక గుర్తు ఏర్పరచుకొనుడి. లేచి పోవునప్పుడు పోవుచున్నామని కూడ చేతిలో చెప్పి పొండి. లేనియెడల ఆమె ఖాళీ బల్లతో మాటలాడుచుండును.