చెడక మిగిలినది

చెడిన బుద్ధి తన చెడుగును తానే తెలిసికొనగలదా? తెలిసికొన్నను, తన్ను తానే చక్కదిద్దుకొనగలదా? కంటికి పొర కమ్మినయెడల ఆ పొరను చూడవలసినదియు ఆ కన్నే; త్రాసు చెడినయెడల దాని చెడుగును తూచి చూపుటకు ఆ త్రాసు పనికిరాదు; అట్లే సదసద్వివేకమునకు సాధనమైన బుద్ధియే దూషితమైనప్పుడు, దోషమును దోషమని తీర్పు చెప్పవలసిన ధర్మాసనముపై కూర్చుండునది ఆ దూషితబుద్ధియే యగుచున్నది. గ్రంథములలో పలుమారులు చదివియు నాకు కేవలము వాదవిషయముగనే తోచుచుండిన ఈ చిక్కు, ఒకనాడు సికిందరాబాదులో, ఒక పాత కంప్యూటరు బోర్డు ముందర నేను నిలుచుండగా, కంటికి కనబడు వస్తువై నా యెదుట నిలిచినది. ఆనాడు చూచినదానిని, దానివలన నాకు కలిగిన నిశ్చయమును ఇచ్చట విన్నవించెదను.

అది 2002 వ సంవత్సరపు వేసవి. మా యింటి డెస్క్‌టాప్ కంప్యూటరునకు అప్పటికి మూడేండ్లు దాటినవి. దానికి 40 గిగాబైట్ల క్రొత్త హార్డ్ డిస్కును అమర్పగా, యంత్రము ఆ డిస్కును గుర్తింపబోయి నడుమనే స్తంభించిపోయెను. 65,535 సిలిండర్లు, 16 హెడ్లు, 63 సెక్టర్లు, ఒక్కొక్క సెక్టరునకు 512 బైట్లు అని గుణించినచో వచ్చునది ఇంచుమించు 33.8 గిగాబైట్లు; ఆ కాలపు ఫర్మ్‌వేరులు కొన్ని ఆ హద్దునకు ఆవలనున్నదానిని లెక్కింపజాలకుండెడివి. మా బోర్డుదియు అట్టిదే; దానిని వ్రాసినవారు తప్పు వ్రాసిరనుట న్యాయము కాదు. వారు వ్రాసిన నాటికి అంతటి డిస్కు సామాన్య గృహస్థుని యింట కనబడునది కాదు. ఒకనాటికి చాలిన జ్ఞానము, లోకము పెరుగగా, చాలనిదయ్యెను, అంతియే. బోర్డును చేసినవారు సవరించిన ఫర్మ్‌వేరును సిద్ధపరచియే యుండిరి. దానిని ఫ్లాపీలోనికి ఎక్కించుకొని, పాతదానిని చెరపి క్రొత్తదానిని వ్రాయించుటకు ఉపక్రమించితిని. తెరపై గీత సగము నిండినదో లేదో, కరెంటు పోయెను. తిరిగి వచ్చిన పిమ్మట మీట నొక్కగా ఫ్యాను తిరిగెను గాని తెర వెలుగలేదు. యంత్రము మేల్కొన్నదని తెలుపు ఆ ఒక్క చిన్న బీప్ శబ్దమైనను వినరాలేదు.

ఫర్మ్‌వేరు అననేమో కొంత వివరింపవలసియున్నది. 1967 లో ఆషర్ ఓప్లర్ అను నాతడు ఈ పదమును కల్పించెను. యంత్రభాగములంత కఠినము గాక, మనము నిత్యము మార్చుకొను ప్రోగ్రాములంత మృదువును గాక, ఆ రెంటి నడుమ నుండునదని దాని భావము. మన పరిభాషలో చెప్పవలెనన్న, దేహమునకును నేర్చిన విద్యకును నడుమనుండు సంస్కారమనవచ్చును. ప్రాసెసరు తనంతట తాను ఏమియు నెఱుగదు. 1981 లో వెలువడిన ఐబీఎం పర్సనల్ కంప్యూటరులోని 8088 ప్రాసెసరు, విద్యుత్తు అందిన తోడనే, తాను చేరగల 1 మెగాబైటు స్మృతిలో చిట్టచివరి 16 బైట్ల మొదట కన్ను తెరచును. అచ్చట దానికి దొరకునది, పని యున్నచోటికి పొమ్మని దారి చూపు ఆజ్ఞ యొక్కటియే. ఆ చోటనున్న బయోస్ అను ఫర్మ్‌వేరు అవయవములను ఒక్కొక్కటిగా పరీక్షించి, మెమరీని లెక్కించి, డిస్కును గుర్తించి, ఆపరేటింగ్ సిస్టమును మేల్కొలిపి, పగ్గములను దాని చేతికిచ్చును. ఆ వాక్యరాశి చెడెనా, తక్కిన అంగములన్నియు వజ్రసమానములై యున్నను యంత్రము శవప్రాయమే.

ఈ సంస్కారము నిలుచు పాత్ర మొదట మార్పునకు లొంగనిదై యుండెను. చిప్పు పుట్టునప్పుడే అక్షరములు అందు చెక్కబడి, అది యున్నంతకాలము అట్లే యుండెడివి. 1971 లో డోవ్ ఫ్రోమాన్ కనుగొనిన ఎప్రామ్, తన నడినెత్తిన గాజుకిటికీ వంటి స్ఫటికపు కిటికీతో, అతినీలలోహిత కిరణములు సోకిన చెరుగునట్టిదై వచ్చెను. పగటి వెలుగునకు మెల్లమెల్లగా మరపు కలుగకుండుటకై ఆ కిటికీపై కాగితపు బిళ్ల నంటించెడివారు. తరువాత 1984 లో ఫుజియో మసువోక లోకమునకు వెల్లడించిన ఫ్లాష్ స్మృతి, వెలుతురుతోడి పని లేకయే, విద్యుత్తు చేతనే చెరుగుటకును తిరిగి వ్రాయబడుటకును వీలైనది. దానితో ఇంటనున్నవాడే తన యంత్రమునకు క్రొత్త సంస్కారము నీయగలిగెను; ఇంటనున్నవాడే దానిని చెరుపగలిగెను. చెడుటకు వీలు లేనిది నేర్చుటకును వీలు లేనిది. మానవునికి బుద్ధి నిచ్చినవాడు ఈ రెండు అవకాశములను ఒక్క చేతితోనే ఇచ్చెనని నా నమ్మకము. మఱియు, పాతది చెరిగి క్రొత్తది నిండని ఆ నడిమి క్షణము ఎంతటి భయస్థానమో నేను ఆ వేసవిలో చూచితిని. పెద్దల ఆచారమును వదలివేసి, తన విచారము ఇంకను నిలదొక్కుకొనని యువకుని స్థితి అట్టిదే. అప్పుడు వానికి కావలసినది నింద కాదు, తెంపులేని ఆదరణ.

బోర్డును ఊడదీసి, గుడ్డలో చుట్టి, ఆ క్రొత్త డిస్కుతో కూడ పార్క్ లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటరులో ఒక చిన్న అంగడికి గొనిపోయితిని. అందలి యువకుడు నా మాట సాంతము విని, "బయోస్ పోయింది సార్, బోర్డు పోలేదు" అనెను. పిమ్మట దానికొక ఫ్లాపీ డ్రైవును తగిలించి కరెంటు ఇచ్చెను. తెర యెప్పటివలెనే చీకటి. కాని డ్రైవు ముఖమున చిన్న దీపము వెలిగి, లోపల గరగరమను చప్పుడు కొంతసేపు వినబడి ఆగెను. "చూశారా సార్, లైటు వెలిగింది. బూట్ బ్లాకు బతికే ఉంది. ఫ్లాపీ అడుగుతోంది" అని అతడు సంతోషించెను. ఆ మాట నన్ను కదలించినది. శవమని నేను తెచ్చినది, చీకటిలో నుండి, ఒకదానిని అడుగుచున్నది.

బూట్ బ్లాకు అనునది ఫ్లాష్ చిప్పులో ప్రత్యేకముగా కాపాడబడు చిన్న భాగము. ఇంటెల్ వారి 28ఎఫ్001బిఎక్స్ అను చిప్పును ఉదాహరణముగా గైకొనినచో, దాని 128 కిలోబైట్లలో 112 కిలోబైట్లు ప్రధానభాగము. 4 కిలోబైట్ల చిన్న గదులు రెండు. మిగిలిన 8 కిలోబైట్లు బూట్ బ్లాకు. ఆ గది తలుపు సామాన్యమైన ఆజ్ఞలకు తెరువబడదు. అందులకై నియతమైన కాలికి 12 వోల్టుల విద్యుత్తు నందించినగాని దానిని చెరపుట పొసగదు. కనుక పైభాగమంతయు చెరిగినను ఇది నిలుచును. దీనికి తెలిసిన విద్య మిక్కిలి స్వల్పము. ప్రధానభాగమునందలి బైట్లనన్నిటిని కూడి, రావలసిన మొత్తముతో సరిచూచును. సరిపడినయెడల దానికి నడక నప్పగించును. సరిపడనియెడల ఆ చెడిన వాక్యములను నడువనీయక, ఫ్లాపీ వంక చూచును. నాడు వాడుకలోనున్న వీడియో కార్డులను పలికించుట సైతము దానికి సాధారణముగా తెలియదు. అందువలననే తెర చీకటిగా నుండెను.

ఆ యువకుడు వేరొక కంప్యూటరుపై ఫ్లాపీని సిద్ధము చేసెను. అందు వ్రాయు ప్రోగ్రామును, మా బోర్డునకే తగిన ఫర్మ్‌వేరును, చూపు లేకయే పని సాగునట్లు వరుసగా ఆజ్ఞలు వ్రాసిన ఒక ఫైలును ఉంచెను. బోర్డుపేరును, దాని కూర్పు సంఖ్యను రెండుసార్లు సరిచూచుకొనుట చూచి, ఏల ఇంత జాగ్రత్త యని అడిగితిని. "పక్క బోర్డుది ఎంత మంచిదైనా దీనికి ఎక్కిస్తే చచ్చిపోతుంది సార్" అనెను. మన పెద్దలు అధికారిభేదమను మాటతో చెప్పినది ఇదియే: ఒకనికి మోక్షహేతువైన ఉపదేశము, వాని స్థితి నెఱుగక మరియొకనికి చేసినయెడల, వానికి భ్రంశహేతువు కావచ్చును. ఫ్లాపీ చొప్పింపబడెను. దీపము వెలిగెను. చీకటితెర ముందర మేమిద్దరము మాటలేక కొన్ని నిమిషములు నిలిచితిమి. పిమ్మట అతడు ఆపి తిరిగి నడుపగా, ఆ చిన్న బీప్ శబ్దము వినవచ్చెను. తెర వెలిగి, 40 గిగాబైట్ల డిస్కు తన పేరుతో నిలిచెను.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వత్తును. మీమాంసకులు జ్ఞానమునకు ప్రామాణ్యము స్వతస్సిద్ధమనిరి. దానిని బాధించు మరియొక జ్ఞానము గాని, దాని కారణమునందు దోషము గాని బయలుపడునంతవఱకు కలిగిన జ్ఞానము ప్రమాణమే. నైయాయికులు ప్రామాణ్యము పరతః అనిరి. నీరని తోచినది నీరో ఎండమావియో దప్పి తీరినప్పుడే తేలును. ఒక జ్ఞానమును నిర్ణయించుటకు వేరొకటి, దానికి మరియొకటి కావలసివచ్చిన అనవస్థ తప్పదని మీమాంసకుల ఆక్షేపము. ఆ చిప్పులో ఈ రెండు మతములును తమతమ తావుల నిలిచియున్నవి. ప్రధానభాగమును బూట్ బ్లాకు పరీక్షించును. బూట్ బ్లాకును పరీక్షించువారు ఆ చిప్పులో లేరు. ఎక్కడనో ఒకచోట నమ్మి నిలువవలెను. అట్లు నమ్మదగినది చిన్నదిగాను, సరళముగాను, నిత్యవ్యవహారపు చేయి సోకనిదిగాను ఉండుట మేలు. మఱియు ఆ కూడిక పరీక్షయు సంపూర్ణము కాదు; ఒకచోట 1 పెరిగి వేరొకచోట 1 తగ్గినయెడల మొత్తము మారదు, రెండు తప్పులు ఒకదానినొకటి కప్పిపుచ్చును. ఒక సుగుణపు అతిశయముతో ఒక దోషమును సరిపెట్టుకొని లెక్క కుదిరినదని తృప్తి పడు మన ఆత్మపరీక్ష యిట్టిదే. తుదకు యంత్రము లేచి పని చేసినప్పుడే అది బాగైనదని తేలును. అచ్చట నైయాయికుని మాటయే చెల్లును.

యంత్రము మేల్కొనుటకు 'బూట్' అను పేరు, తన బూట్ల పట్టెలను పట్టుకొని తన్ను తానే పైకి లాగుకొనుట అను ఆంగ్లభాషలోని నానుడినుండి వచ్చినది. ఎవ్వడును అట్లు లేవజాలడు. కాని తన్ను తానే ఉద్ధరించుకొనవలెనని గీతాచార్యుడు ఆరవ అధ్యాయమున ఆదేశించియున్నాడు. ఈ రెంటికి పొందిక యెట్లు? పోతన భాగవతమున మనము బాల్యమునుండి వినుచున్న గజేంద్రుని చూడుడు. మడుగులో మొసలితో వేయేండ్లు పోరి, తన బలమును నమ్మినంతకాలము అతడు క్రుంగుచునే యుండెను. ఏనుగు జన్మమున, ఆ మదాంధకారమున, పూర్వజన్మపు ఇంద్రద్యుమ్న మహారాజు నేర్చిన భక్తి చెరుగక ఒక మూల మిగిలియుండెను. ఆ మిగిలినది మొసలిని చంపలేదు, కాలిని విడిపింపలేదు. తన బలము చాలదని తెలిసికొని పిలిచినది. పిలుచుటయే దాని పని. ఆత్మోద్ధరణమనగా తన దోషమును తాను తుడుచుకొనుట యని నేను చిరకాలము భ్రమపడితిని. చెడిన వాక్యమును ఇక నడువనీయక ఆపి, ముఖమును వెలుపలికి, మంచివైపునకు త్రిప్పుటయే అందు మన వంతు అని ఇప్పుడు తోచుచున్నది.

అయిన, ఆ మిగులు కూడ మిగులనియెడల? 1998 లో తైవాను విద్యార్థి చెన్ ఇంగ్-హావ్ వ్రాసిన సీఐహెచ్ అను వైరసు, 1999 ఏప్రిల్ 26 న, తన చేతికి లొంగిన యంత్రములలో ఫ్లాష్ చిప్పునే పాడుచేసెను. మొదటి మాటయే చెరిగిన అట్టి బోర్డు దీపమును వెలిగింపదు, ఫ్లాపీ నడుగదు. శ్రీవైష్ణవాచార్యులు చెప్పు మర్కటకిశోర మార్జాలకిశోర న్యాయములు ఇచ్చట నాకు స్ఫురించును. కోతిపిల్ల తల్లిని తానే కరచుకొనును. బూట్ బ్లాకు మిగిలిన బోర్డు అట్టిది. పిల్లికూన ఏమియు చేయజాలదు; తల్లియే నోట కరచుకొని పోవును. ఏమియు మిగులని చిప్పును ఊడదీసి, ప్రోగ్రామరు అను పరికరమునం దుంచి వ్రాయుదురు. లేదా అదే జాతికి చెందిన బోర్డును నడిపించి, నడుచుచుండగనే దాని చిప్పును పెరికి, చెడినదానిని ఆ తావున నిలిపి వ్రాయుదురు. చిప్పును పెరికినను ఆ యంత్రము ఆగకుండుటకు కారణము, దాని వాక్యములు అప్పటికే మెమరీలోనికి ఎక్కియుండుటయే. గ్రంథము కంఠస్థమైన గురువు మాత్రమే తన పుస్తకమును ప్రక్కకు పెట్టి, ఆ పీటపై శిష్యుని కూర్చుండబెట్టుకొనగలడు.

కావున నేను నిశ్చయించుకొన్నవి రెండు. మంచినాళ్లలోనే, లోపల ఒక చిన్న చోటును, కోపమునకును లాభమునకును తలుపు తీయనిదానిని, కాపాడుకొనవలెను; అది మనలను రక్షింపజాలకున్నను, చెడితినని చెప్పి చేయి చాపును. రెండవది యింకను బరువైనది: అడుగనేరనివారి యొద్దకు అడుగకయే పోవలెను. పిలువలేదు గదా యని మనము విడిచిన మనుష్యులలో, పిలుచు శక్తియే చెరిగినవారెందరో!

నేను సెలవు పుచ్చుకొనునప్పుడు ఆ అంగడి మూలన కొన్ని బోర్డులు గోడకు చేర్చి నిలిపియుండుట చూచితిని. ఒక్కొక్కదానిపై తెల్లని కాగితపు ముక్క, దానిపై చిప్పు సంఖ్య. ఇవి పనికిరానివా యని అడుగగా, "అలా అనకండి సార్, జోడు చిప్పు దొరకాలంతే" అనెను. వానిలో ఒక్కటియు దీపము వెలిగింపగలది కాదు. వానికొఱకు ఆ యువకుడు సందె వేళ ప్రక్క అంగళ్లలో చిప్పులు వెదకుచుండెను.