గుమ్మం దాటిన గొంతు: క్యాసెట్ ఉత్తరాల డిజిటలీకరణలో అనుమతి సమస్య

1973 తర్వాత చమురు ధరలు పెరిగి గల్ఫ్ దేశాల్లో నిర్మాణ పనులు ఊపందుకోవడంతో కరీంనగర్, నిజామాబాద్, కడప, గోదావరి జిల్లాల నుంచి వేలాదిమంది కూలికి వెళ్లారు. ఇంట్లో ఫోను లేని ఆ రోజుల్లో ఊరికీ ఎడారికీ నడిచిన సమాచారంలో కొంత కాగితంపై కాక ఆడియో క్యాసెట్‌పై నడిచింది. రాయడం రాని తల్లి, తన మాటను మరొకరిచేత రాయించడానికి బిడియపడే భార్య టేప్‌రికార్డరు ముందు కూర్చుని మాట్లాడేవారు. సెలవు ముగించుకుని తిరిగి వెళ్తున్న ఊరివాడి పెట్టెలో ఆ క్యాసెట్ ప్రయాణించేది. జవాబూ అదే దారిన వచ్చేది. ఫిలిప్స్ సంస్థ 1963లో ప్రవేశపెట్టిన ఈ చిన్న పరికరం పాటల కోసం ఇళ్లలోకి వచ్చి ఉత్తరంగా మారింది. ఇప్పుడు ఆ క్యాసెట్లను కొడుకులు, మనవలు ట్రంకుపెట్టెల నుంచి తీసి కంప్యూటర్లోకి ఎక్కిస్తున్నారు. కొన్ని పరిశోధకుల చేతికీ చేరుతున్నాయి. ఒకరికోసం పలికిన మాటను ఎవరైనా వినగల రూపంలోకి మార్చేటప్పుడు, ఆ మాట పలికిన మనిషికి చెల్లించవలసినదేమిటన్నది ఈ వ్యాసం పరిశీలించే ప్రశ్న.

మార్చకపోతే ఆ గొంతులు మిగలవన్నది ముందుగా ఒప్పుకోవాలి. క్యాసెట్ టేపు 3.81 మిల్లీమీటర్ల వెడల్పున్న పల్చటి పాలియెస్టర్ పట్టీ. దానిపై అయస్కాంత రేణువులను పట్టి ఉంచే జిగురుపూత ఉంటుంది. తేమకూ వేడికీ ఆ పూత క్షీణిస్తుంది, టేపు బూజు పడుతుంది, పట్టీ సాగుతుంది. టేపు బాగున్నా దాన్ని నడిపే యంత్రాలు, విడిభాగాలు, బాగుచేసే చేతులు కరువవుతున్నాయి. యునెస్కో తన అందరికీ సమాచారం కార్యక్రమం కింద, ధ్వని, దృశ్య శ్రవణ అభిలేఖాగారాల అంతర్జాతీయ సంఘంతో కలిసి 2019లో అయస్కాంత టేపుల విషయంలో హెచ్చరిక ప్రకటించింది. 2025 తర్వాత వీటిని డిజిటల్ రూపంలోకి మార్చడం చాలాచోట్ల అసాధ్యమో, మోయలేనంత ఖర్చో అవుతుందన్నది నిపుణుల అంచనా. కాబట్టి నకలు తీయాలన్న విషయంలో వాదం లేదు. నకలు తీయడమూ పదిమందికి వినిపించడమూ రెండు వేరు పనులు. క్యాసెట్ కాలంలో వాటి మధ్య ఎంతో దూరం ఉండేది. పెన్‌డ్రైవ్‌లోకి చేరిన మరుక్షణం ఆ దూరం ఒక్క వేలి తాకిడికి తగ్గిపోతుంది. చిక్కంతా ఇక్కడే.

ఇంటి వీడియోలన్నిటికీ ఇది ఒకే తీరున వర్తించదు. పెళ్లి వీడియో నలుగురూ చూడాలనే తీసినది. కెమెరా లైటు ముందు కూర్చున్నవారికి ఆ సంగతి తెలుసు. క్యాసెట్ ఉత్తరానికి శ్రోత ఒక్కడే.

ఆ ఒక్కడి స్థానం ఎంత ముఖ్యమో అలంకారశాస్త్రం ఎప్పుడో గుర్తించింది. మమ్మటుడు కావ్యప్రకాశం తృతీయోల్లాసంలో అర్థం నుంచి మరో అర్థం స్ఫురించడానికి కారణాలు చెబుతూ వక్తతో పాటు బోద్ధవ్యుడిని, అంటే ఎవరిని ఉద్దేశించి మాట్లాడుతున్నారో అతడిని, కాకువును, ప్రస్తావాన్ని, దేశకాలాలను పేర్కొన్నాడు. ఆ పట్టికలో అన్యసన్నిధి కూడా ఉంది. చెప్పేవారూ వినేవారూ కాక మూడో మనిషి దగ్గర ఉండటం మాట అర్థాన్నే మార్చేస్తుందని దాని తాత్పర్యం. దానికిచ్చిన ఉదాహరణలో ఒక కోడలు, అత్త తనచేత ఇంటిచాకిరీ అంతా చేయిస్తుందని, సాయంత్రమైతే తప్ప ఊపిరి సలపదని వాపోతుంది. పైకి అది మొర. దగ్గర్లో ఉన్న మరొకరికి అది సంకేతకాలం.

క్యాసెట్ ముందు కూర్చున్న భార్య పరిస్థితి దీనికి దగ్గర బంధువు. గదిలో అత్తమామలు, ఆడబిడ్డ, పిల్లలు ఉంటారు. చాలాసార్లు మీట నొక్కేది కూడా మరొకరే. అందరి ఎదుటా ఆమె భర్తతో మాట్లాడాలి. అలాంటి చోట క్షేమసమాచారం నడుమ ఒక చిన్న విరామం, పశువు గురించో పొలం గురించో అవసరానికి మించి చెప్పిన వాక్యం, మాటను సగంలో ఆపి దగ్గడం భర్తకు మాత్రమే తెలిసే అర్థాన్ని మోయగలవు. అంటే ఆ టేపులో అన్యసన్నిధి అప్పటికే ఉంది. ఆమె దాన్ని ఎరిగి, లెక్కలోకి తీసుకుని మాట్లాడింది. నలభై ఏళ్ల తర్వాత మనవడో పరిశోధకుడో చెవి ఒగ్గినప్పుడు చేరే అన్యసన్నిధిని ఆమె లెక్కవేయలేదు, వేయగలిగే వీలూ లేదు. అనుమతి సమస్యకు మూలం ఈ తేడాలోనే ఉంది. ఆమె మాట్లాడటానికి ఒప్పుకుంది గనుక వినిపించడానికీ ఒప్పుకున్నట్టే అనడం బోద్ధవ్యుడిని వాక్యం నుంచి కొట్టివేయడమే.

పుస్తకాన్ని పుస్తకంగా నకలు తీసే కంప్యూటర్ మనిషికి ఆ పుస్తకం చదవవలసిన పని లేదు. టేపు అలా కాదు. తొంభై నిమిషాల క్యాసెట్‌ను సక్రమంగా మార్చాలంటే సాధారణంగా తొంభై నిమిషాలూ దాన్ని నడపాలి. స్థాయి సరిగా ఉందా, టేపు చిక్కుకుందా అని వింటూ ఉండాలి. కనుక మార్చేవాడు తప్పనిసరిగా మూడో చెవి అవుతాడు. అతడి నీతి ఏమిటని వెతికితే ఊళ్లలోనే ఒక పూర్వరూపం కనిపిస్తుంది. చదువురాని ఇళ్లకు ఉత్తరం వస్తే బడిపంతులో పోస్ట్‌మాన్‌ో ఏడో తరగతి కుర్రాడో చదివిపెట్టేవాడు. ఇంటిగుట్టు అతడి నోటిమీదుగానే ఇంటికి చేరేది. ఉన్నది ఉన్నట్టు చదవాలి, చదివింది అక్కడే మరచిపోవాలి. ఈ రెంటిలో ఏది తప్పినా మరుసటి ఉత్తరానికి అతడిని పిలిచేవారు కారు.

విశ్వవిద్యాలయాల్లో మాత్రం డిజిటలీకరణ చేసేవారిని పరిష్కర్తతో పోల్చడమే అలవాటు. సి.పి. బ్రౌన్ పండితులచేత ప్రతులు సేకరింపజేసి, పోల్చి, శుద్ధప్రతులు రాయించిన సంప్రదాయం తెలుగు శాఖలకు ఆదర్శం. పరిష్కర్త పాఠాన్ని బాగుచేస్తాడు, లోకానికి అందిస్తాడు. కావ్యానికి ఆ రెండూ మేలు చేశాయి, ఎందుకంటే కవి లోకం కోసమే రాశాడు. గురజాడ దినచర్యలు, లేఖలు ఆయన మరణానంతరం అచ్చుకెక్కినప్పుడు కూడా ఆయన అప్పటికే ప్రజల మనిషి అనే సమాధానమైనా ఉంది. పేరులేని ఇల్లాలి విషయంలో ఆ సమాధానం చెల్లదు. పైగా బాగుచేయడమన్న మొదటి పనే ఇక్కడ హాని చేయవచ్చు. రొద తగ్గించే సాఫ్ట్‌వేర్ వెనకాల మోగుతున్న రేడియోను, పెరట్లో కోడికూతను, పక్కనుంచి ఏం చెప్పాలో అందిస్తున్న అత్త గుసగుసను ఒకే గాటన కట్టి తుడిచేస్తుంది. ఆకాశవాణి వార్త టేపు తేదీని పట్టివ్వగలదు. అత్త గుసగుస లేకుండా కోడలి మాటకు అర్థమే మారుతుంది. అంతర్జాతీయ సంఘం నైతిక మార్గదర్శకాలు భద్రపరిచే ప్రతిలో ఏ రకమైన సొంత సవరణా చేయరాదని, శుద్ధి ఏదైనా వినికిడి ప్రతికే పరిమితం కావాలని చెప్పడం సాంకేతిక నియమంలా కనిపిస్తుంది కానీ, అది నిజానికి ఉన్నది ఉన్నట్టు చదవాలన్న పాత కట్టుబాటే.

చట్టం ఈ విషయంలో కొద్ది దూరమే తోడు వస్తుంది. ఉత్తరం కాగితం అందుకున్నవారి సొత్తు, అందులోని రచనపై హక్కు రాసినవారిది అన్నది కాపీరైట్ న్యాయంలో స్థిరపడిన సూత్రం. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం, ఒక వ్యక్తి సొంత లేదా ఇంటి అవసరానికి చేసుకునే పనిని తన పరిధి నుంచి మినహాయించింది. ఇంటి అవసరం ఎక్కడ ముగుస్తుందన్నదే అసలు చిక్కు. నూటయాభై మంది బంధువులున్న వాట్సాప్ బృందం ఇల్లేనా?

గోప్యతావాదంపై బలమైన ఆక్షేపణ మరొక వైపు నుంచి వస్తుంది. ఇంటిగుట్టు పేరుతో తరతరాలుగా నొక్కినది స్త్రీల గొంతునే. కట్నం బాకీ గురించో, పంపిన డబ్బు తన చేతికి రావడం లేదనో కోడలు చెప్పుకున్న టేపును మూసిపెట్టమని కోరేది సాధారణంగా ఆమె కాదు, ఆ ఇంటి పెద్దలు. అక్షరం రాని స్త్రీలు స్వయంగా కూర్చుకున్న లేఖాసంభాషణకు, ఆ ప్రాంతాల నాటి వాడుక మాటకు ఇంతకంటే దగ్గరి సాక్ష్యం దొరకడం కష్టం కూడా. అలాంటప్పుడు మర్యాద పేరుతో పరిశోధకుడు మౌనం వహిస్తే ఆ పెద్దల పక్షం చేరినట్టే. ఈ ఆక్షేపణను తోసిపుచ్చడానికి వీల్లేదు. అయితే దాని నుంచి వచ్చే నిర్ణయం టేపు తెరవాలన్నది కాదు. తెరిచే హక్కు ఇంటిది కాదని మాత్రమే అది చెబుతోంది. టేపు ఎవరి పెట్టెలో ఉందో వారి సంతకం తీసుకుని అనుమతి దొరికిందని రాసుకునే పద్ధతి ఇక్కడ తేలిపోతుంది. క్యాసెట్ తెచ్చి ఇచ్చేది చాలావరకు కొడుకో మనవడో. మాట్లాడినది మరొకరు.

1980లలో ఇరవై ఏళ్ల ఇల్లాలికి ఇప్పుడు అరవై దాటి ఉంటాయి. అంటే అడగడానికి మనిషి చాలా సందర్భాల్లో ఇంకా ఉంది. అడగకపోవడానికి కారణం దూరమో తీరికలేకపోవడమో అయి ఉంటుంది కానీ, అసాధ్యం కాదు. నకలు తీయడం ఆగనక్కరలేదు, టేపు ఎదురుచూడదు. కత్తిరించకుండా, శుద్ధి చేయకుండా మొత్తం భద్రపరచాలి. ఆ తర్వాత లిప్యంతరీకరణకు, తరగతి గదికి, వ్యాసంలో ఉదాహరణకు ముందే ఆమెకు వినిపించాలి, అదీ కుటుంబసభ్యులు లేని గదిలో. లేకుంటే ఆనాటి అన్యసన్నిధిలోనే మళ్లీ ఆమెను కూర్చోబెట్టినట్టవుతుంది. ఆమె మరణించి ఉంటే, ఆమె ఎవరికి చెప్పింది, ఎవరికి తెలియకూడదనుకుంది అన్న రెండు ప్రశ్నలకు టేపులోనే దొరికే ఆనవాళ్లను బట్టి ఆమె తరఫున ఆలోచించాలి.

మిగిలింది కష్టమైన సందర్భం. విన్న తర్వాత ఆమె చెరిపేయమనవచ్చు. అదే క్యాసెట్‌పై జవాబు నింపి తిప్పి పంపే అలవాటు ఉన్న రోజుల్లో ఆమె తన మాట చెరిగిపోతుందనే అనుకుని ఉండవచ్చు కూడా. ఎదురుగా మరో సంగతి ఉంది: టేపు మిగిలిందంటే ఆ రోజు భర్త దానిమీద జవాబు నింపలేదు, దాచుకున్నాడు. ఈ రెంటి మధ్య తూకంలో వినేవాడి మమకారం కంటే మాట్లాడిన మనిషి కోరికకే బరువివ్వాలి. భాషాశాస్త్రానికి అది నిజమైన నష్టం. ఆ ప్రాంతపు వాడుక మాటకు సంబంధించి మళ్లీ దొరకని గంట, గంటన్నర సాక్ష్యం పోతుంది. ఆ నష్టాన్ని పరిశోధకుడు తన ఖాతాలోనే రాసుకోవాలి. అసలు టేపును ఆమె చేతికే ఇచ్చేసి, కంప్యూటర్లోని ప్రతిని, దాని నకళ్లను ఆమె ఎదుటే తీసివేయాలి. సూచికలో సంఖ్య, నిడివి, జిల్లా పేరు మాత్రం ఉంచి, పక్కన ‘వక్త కోరికపై తొలగించబడినది’ అని రాస్తే చాలు.