అల్పసుఖము దోషమా?

1954వ సంవత్సరమున తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయము స్థాపింపఁబడినది మొదలు, చిత్తూరు సీమలోని వేరుసెనగ చేలనుండి యెందఱో బిడ్డలు చదువునకై యచ్చటికి వచ్చుచున్నారు. అద్దెగదిలో నివసించు పరిశోధక విద్యార్థి యొకఁడు వానకారు సాయంకాలమున వేఁడి కాఫీ త్రాగి, కపిలతీర్థమున కొండపైనుండి దుముకు జలధారను జూచి మైమఱచును. అంతలోనే తండ్రి చేసిన యప్పు జ్ఞప్తికి వచ్చి, త్రాగిన కాఫీ చేఁదగును.

చదువరులారా! ఈ సుఖము దోషమా? కొడుకు మొగము ముడుచుకొన్నంతమాత్రమున తండ్రి యప్పు దమ్మిడీయైనఁ దీఱునా? చదువు చెడనీయక, మితము మీఱక, సిగ్గుపడక యింటివారికిఁ జెప్పుకొనఁదగిన సుఖము నిర్దోషము, దాఁచవలసివచ్చినదే దోషము. తండ్రి తిరుమలకు వచ్చిననాఁడు, ఆయనను గూడ నా జలధార చెంత గడియసేపు కూర్చుండఁబెట్టుట కొడుకు తీర్పవలసిన మొదటి బాకీ.