వరస కలిపిన బేరం

సెకండ్ హ్యాండ్ మోటారు సైకిలు ఇంటికి రావడమంటే, చూడబోతే, పెళ్ళి సంబంధం కుదరడం లాంటిదే. ముందు ఎవరో మధ్యవర్తి కబురు తెస్తాడు. "బండి బంగారం. ఒక్క చేతి మీద నడిచింది. పెద్దగా తిరగనే లేదు" అంటాడు. తర్వాత చూపులు. కడిగి, తుడిచి, ట్యాంకుకు మెరుగు పెట్టి వాకిట్లో నిలబెడతారు. మనవాళ్ళు చుట్టూ తిరిగి చూస్తారు. టైరును కాలితో ఒకసారి తన్నుతారు. ఎందుకు తన్నుతారో తన్నినవాళ్ళకే తెలియదు. కిక్కు కొట్టి చప్పుడు వింటారు. ఆ పైన ఇచ్చిపుచ్చుకోవడాలు. పెళ్ళిలో లాగే ఇక్కడా అసలు సంగతులు మూడు నెలలు గడిచాక గానీ బయటపడవు.

ఈ తతంగంలో ఇల్లాలు ఎక్కడో తలుపు వెనక వుంటుందనుకుంటాం గానీ, చాలా ఇళ్ళలో ఆఖరి మాట ఆవిడదే. ఎంచేతనంటే చీటీ పాడిన డబ్బు ఆవిడ దగ్గరే వుంటుంది. రేపు ఆ బండి మీద వెనక కూర్చునేదీ ఆవిడే. పిల్లవాడు దాన్నేసుకుని కాలేజీకి వెడితే, వాడు తిరిగొచ్చేదాకా వీధి వైపు చూస్తూ కూర్చునేదీ ఆవిడే. కనుక కొనాలా వద్దా అన్నది ఒట్టి మెకానిక్ వ్యవహారమని వదిలెయ్యడానికి వీల్లేదు.

"పెద్దగా తిరగలేదు" అన్న మాట దగ్గర కాస్త ఆగుదాం. పాత బండి, తక్కువ వాడకం. వినడానికి ఎంత ముచ్చటగా వుంటుందో! బీరువాలో దాచిన పట్టుచీర గుర్తొస్తుంది. కానీ పట్టుచీరనైనా అప్పుడప్పుడు తీసి మడతలు మార్చకపోతే ఆ మడతల దగ్గరే చిరుగుతుంది గదా. బండీ అంతే. నెలల తరబడి కదలకుండా నిలబెడితే కార్బురేటర్లో పెట్రోలు ఎండి జిగురు కడుతుంది. బ్యాటరీ చచ్చిపోతుంది. టైర్ల రబ్బరు పగుళ్ళిస్తుంది. ట్యాంకు లోపల తుప్పు పుడుతుంది. రోజూ నడిచిన బండికంటే నిలబడి వున్న బండికే ఒక్కోసారి జబ్బులెక్కువ.

అందులోనూ మన నెల్లూరు సముద్రతీరంలో! మైపాడు, కోడూరు, ఇసకపల్లి, కృష్ణపట్నం... ఎటు వెళ్ళినా గాలిలో ఉప్పే. ఇసకపల్లి వైపు ఉప్పు కయ్యల్లో ఆ ఉప్పే మనుషులకు అన్నం పెడుతుంది. ఇనుము దగ్గరకొచ్చేసరికి అదే తినేస్తుంది. పైన రంగు నవ్వుతూనే వుంటుంది. మడ్‌గార్డు అడుగున, సైలెన్సరు కింద, చక్రాల చువ్వల మొదళ్ళలో పని నిశ్శబ్దంగా సాగిపోతూ వుంటుంది. ట్యాంకు మీద "హీరో హోండా" అని రాసి వుందంటే ఆ బండి పదేళ్ళు దాటినదే. ఆ కంపెనీ పేరు 2011లోనే హీరో మోటోకార్ప్‌గా మారింది. పదిహేనేళ్ళకు రిజిస్ట్రేషన్ గడువు కూడా తీరిపోతుంది. మళ్ళీ చేయిస్తే అయిదేళ్ళకు. అన్నేళ్ళు ఉప్పుగాలి పీల్చిన ఇనుము సంగతి దాని యజమానికి తెలిసినంతగా ఎవరికి తెలుస్తుంది?

ఇంకో సంగతి. 2021 నవంబరులో పెన్నకు వరద వచ్చినప్పుడు నెల్లూరులో పల్లపు కాలనీలు నీట మునిగాయి. పడుగుపాడు దగ్గర రైలు పట్టాల మీదికి నీళ్ళొచ్చి రైళ్ళు ఆగిపోయాయి. వరద వచ్చిన చోట ఇళ్ళ ముందు నిలబెట్టిన బండ్లు ఎగిరి మేడెక్కవు కదా! నీళ్ళు దిగాయి, బురద కడిగారు, రంగు వేశారు. నీళ్ళలో వున్న బర్రెకు బేరమాడవద్దంటారు పెద్దలు. కానీ నీళ్ళలోనుంచి ఎప్పుడో బయటికొచ్చి, ఒళ్ళారి, ముస్తాబై నిలబడ్డ బర్రె సంగతేమిటి?

అమ్మేవాడు ఈ సంగతి తనంతట తాను చెప్పాలా? అడిగితేనే చెప్పాలా? అడిగినా దాటవేయవచ్చా? అసలు చిక్కు ఇక్కడుంది.

చట్టం ఏమంటుందో చూస్తే ఆశ్చర్యంగా వుంటుంది. 1872 నాటి కాంట్రాక్టు చట్టం, 17వ సెక్షన్. అప్పటికి మోటారు సైకిళ్ళు లేవు గనుక గుర్రాన్ని ఉదాహరణగా తీసుకున్నారు. ఒకాయన తన గుర్రానికి లోపం వుందని తెలిసీ, నోరు మెదపకుండా వేలంలో అమ్మేశాడు. అది మోసం కాదంటుంది చట్టం. ఒట్టి మౌనం మోసం కిందికి రాదట. అయితే కొన్నది ఆయన కూతురే అయితే? అప్పుడే మైనారిటీ తీరిన పిల్ల అయితే? అప్పుడు మాత్రం చెప్పి తీరవలసిందే. ఆ బంధుత్వమే ఆయన నోరు విప్పించాలి. ఇంకో ఉదాహరణ కూడా వుంది. "నువ్వు కాదనకపోతే గుర్రం బాగుందనే అనుకుంటాను" అని కొనేవాడు అంటే, అమ్మేవాడు ఊరుకుంటే, ఆ ఊరుకోవడం బాగుందని చెప్పినట్టే లెక్క.

ఎంత చక్కగా వుంది! బయటివాడికైతే మౌనం చాలు, కూతురికైతే నిజం కావాలి. నూట యాభై ఏళ్ళ నాటి ఆ చట్టం మన ఊళ్ళలో బేరం ఎలా సాగుతుందో చూసి రాసింది కాదు కాబోలు. ఎంచేతనంటే మన దగ్గర బేరం మొదలయ్యేదే చుట్టరికంతో. "ఏందన్నా, ఆఖరికి ఎంతకిస్తావు?" "నీ దగ్గర ఎక్కువ తీసుకుంటానా అక్కా?" "మామా, మన పిల్లోడికే గదా, చూసి చెప్పు." పరాయివాడుగా వుంటే పని జరగదు గనుక వరస కలుపుతాం. బేరం తెగాక ఎవరి దారి వారిది.

నాకు తోచేదేమంటే, వరస కలిపి బేరమాడినవాళ్ళం ఆ వరసకు తగ్గ నిజం కూడా చెప్పాలి. అక్కా అని పిలిచి ఆ అక్క కొడుక్కి బ్రేకు పట్టని బండి అంటగట్టడం, పిలవకుండా అంటగట్టడంకంటే పెద్ద తప్పు. ఆ పిలుపుతోనే గదా ఆవిడ అనుమానాన్ని పోగొట్టింది!

ఇంతవరకూ అమ్మేవాళ్ళను నిలదీశాం, సుఖంగానే వుంది. ఇప్పుడు అద్దం మన వైపు తిప్పుదాం. అల్లూరులోనో విడవలూరులోనో ఒకావిడ వుందనుకోండి. భర్త పోయాడు. ఆయన బండి రెండేళ్ళుగా వసారాలో నిలబడి వుంది. దాన్ని చూసినప్పుడల్లా ప్రాణం ఉసూరుమంటుంది. "పన్నెండు వేలిస్తే తీసుకెళ్ళు తమ్ముడూ" అంటుంది. అది పాతికవేలు చేస్తుందని కొనేవాడికి తెలుసు, ఆవిడకు తెలియదు. అతను మారు మాట్లాడకుండా డబ్బు లెక్కపెడితే అది తెలివా, తప్పా?

"ఆవిడ అడిగిన రేటే ఇచ్చాను, దొంగతనం చేశానా?" అంటాడతను. ఆ మాట తీసివేయదగ్గది కాదు. బండ్ల ధర తెలుసుకోవడం కూడా ఒక విద్యే. పైగా అతనిదీ సన్నకారు జీతమే. మధ్యతరగతి పర్సు ఎంత మంచితనాన్ని భరించగలదు? అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి అన్న సామెత ఊరికే పుట్టలేదు.

కానీ బేరమనేది ఇద్దరికీ తెలిసిన ఆట అయినప్పుడే ఆట. ఒకరికి కళ్ళు కట్టి ఆడితే గెలుపు ఏమిటి? పాతికవేలూ పోసి రమ్మని కాదు. "అక్కా, ఒకసారి ఎవరైనా మెకానిక్‌ను పిలిపించి ధర కట్టించు, ఆ తర్వాత మాట్లాడుకుందాం" అంటే చాలు. ఆ మాటకు అయ్యే ఖర్చు తమ్ముడనిపించుకున్నందుకు కట్టే కట్నం.

అంతటితో అయిపోదు. యజమాని పోయాడు గనుక ముందు వారసుల పేరుకు మార్చుకోవాలి. దానికి 31వ నంబరు ఫారం వుంది. ఆ తర్వాత అమ్మకానికి 29, 30 ఫారాలు. "నిదానంగా చేయించుకుందాంలే అక్కా" అనేది తియ్యటి మాటే గానీ, బండి చేతులు మారినా రికార్డులో ఎవరి పేరుంటే ప్రమాద పరిహారం బాధ్యత వారిదేనని 2018లో సుప్రీంకోర్టు తేల్చింది. బండి ఇతను నడుపుతూ, భయం మాత్రం ఆవిడ ఇంట్లో వదిలేసి రావడం ఏ వరసకు తగిన పని?

"ఒక్కరు నిజం చెబితే లోకం బాగుపడుతుందా?" అనవచ్చు. 1970లో జార్జ్ ఏకర్లాఫ్ అనే అమెరికన్ ఆర్థికశాస్త్రవేత్త సరిగ్గా పాత కార్ల బజారును గురించే ఒక వ్యాసం రాశాడు. కొనేవాళ్ళకు మంచి బండేదో చెడ్డదేదో తెలియదు గనుక అన్నిటికీ మధ్యరకం ధరే ఇస్తారు. ఆ ధరకు మంచి బండి అమ్మడం ఇష్టంలేక దాని యజమాని ఇంట్లోనే వుంచుకుంటాడు. చివరికి బజారులో చెడ్డవే మిగులుతాయి. 2001లో ఆయనకు నోబెల్ బహుమతి ఇద్దరితో కలిపి వచ్చింది. అంటే ఒకడు దాచిన తుప్పు వాడి బండితో పోదన్న మాట. పక్కింటివాడు నిజాయితీగా చూసుకున్న బండి ధరను కూడా అది తింటుంది, అచ్చం ఉప్పుగాలిలా.

మరి కొనాలా, మానాలా? కొనండి. కొత్త బండి అందరికీ అందేది కాదు; పాతది కొనడంలో చిన్నతనమూ లేదు. అయితే మెకానిక్ చూడవలసింది మెకానిక్‌ను చూడనిచ్చి, మనం అడగవలసిందొకటి మనం అడగాలి. "నీళ్ళలో మునిగిందా, పడిందా, ఎందుకమ్ముతున్నావు, దీని మీద నీ పిల్లవాణ్ణి మైపాడు దాకా పంపుతావా అన్నా?" అని. అడిగాక అతను ఊరుకుంటే ఆ ఊరుకోవడం కూడా జవాబే. బయానా ఇచ్చే ముందు ఈ మాట ఇంట్లో ఆడవాళ్ళే అడిగితే మేలనుకుంటాను. టైరు తన్నే పని ఎలాగూ మగవాళ్ళు చూసుకుంటారు.