వేలంపాటలో వినపడని గొంతు

2025 నవంబరు 27న మైలవరంలో మా చెల్లెలి ఇంట్లో టీవీ ముందు ఆరుగురం కూర్చున్నాం. ఢిల్లీలో మహిళల ప్రీమియర్ లీగ్ వేలం జరుగుతోంది. చెల్లెలి కూతురికి పదిహేడేళ్ళు, ఇంటర్ రెండో సంవత్సరం, ఎడమచేతి వాటం ఫాస్ట్ బౌలరు. కడప జిల్లా శ్రీచరణి పేరు రాగానే అది లేచి నిలబడింది. ఆ నెల మొదట్లోనే మన జట్టు గెలిచిన ప్రపంచ కప్పులో 14 వికెట్లు తీసిన పిల్ల. ఢిల్లీ క్యాపిటల్స్ కోటీ ముప్పై లక్షలకి పాట దక్కించుకుంది. ఇల్లంతా చప్పట్లు.

చెల్లెలి అత్తగారు మాత్రం చప్పట్లు కొట్టలేదు. "ఆడపిల్లని పాటలో పెట్టడమేంటే, సంతలో గొడ్డుని పెట్టినట్టు!" అన్నారు. కాసేపాగి ఆవిడే, "అయినా మనం ఇచ్చే పని లేకుండా వాళ్ళే ఇస్తున్నారుగా" అన్నారు. అందరం నవ్వాం. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. చదువుకున్న మేమెవ్వరం అడగని ప్రశ్న ఆవిడ ఆ రెండు మాటల్లో అడిగేసిందనిపించింది. మనిషికి ధర కట్టడం తప్పా? తప్పయితే, ఆ ధర చూసి మనకెందుకంత సంతోషం?

మొదటి మాటతో మనకి పేచీ ఉండదు. కొన్నారు, అమ్మారు, అట్టిపెట్టుకున్నారు, వదిలేశారు... పత్రికలు ఆటగాళ్ళ గురించి రాసే క్రియలన్నీ సరుకు గురించినవే. స్త్రీ శరీరాన్ని సరుకు చేయడాన్ని ఇన్నేళ్ళుగా ప్రశ్నిస్తున్న మనం ఈ భాషని చూసీచూడనట్టు పోలేం. కానీ రెండో మాటని కూడా నవ్వి వదిలేయలేం. మన ప్రాంతంలో ఆడపిల్ల ధర చరిత్ర అందులో ఉంది. గురజాడ కన్యాశుల్కం 1892లో మొదటిసారి ప్రదర్శించిన నాటికి పిల్లకి వచ్చే సొమ్ము తండ్రి మూటలోకి వెళ్ళేది. తర్వాత కాలంలో, 1961లో చట్టం వచ్చాక కూడా, తండ్రి దగ్గర్నుంచి సొమ్ము పెళ్ళికొడుకు ఇంటికి వెళ్తూనే ఉంది. కృష్ణా డెల్టాలో ఎకరాలకీ, ఉద్యోగానికీ, అమెరికా వీసాకీ ఎవరి రేటు ఎంతో అందరికీ తెలుసు. శుల్కంలోనూ కట్నంలోనూ సొమ్ము ఆమె పేరు చెప్పి చేతులు మారింది తప్ప ఆమె చేతికి రాలేదు. అలాంటి చోట ఒక అమ్మాయి చేతివాటానికి, మణికట్టుకి, ఏళ్ళ తరబడి చేసిన సాధనకి ధర పలికి ఆ సొమ్ము ఆమె ఖాతాలోనే పడుతుంటే ఆ ముసలావిడకి అబ్బురం కలగడంలో ఆశ్చర్యమేముంది?

2023 ఫిబ్రవరి 13న ముంబైలో జరిగిన తొలి వేలంలో స్మృతి మంధానకి 3 కోట్ల 40 లక్షలు పలికింది. ఆదోని అమ్మాయి అంజలి శర్వాణికి 55 లక్షలు. మన జిల్లా సబ్బినేని మేఘనకి 30 లక్షలు. పదహారేళ్ళకే దేశానికి ఆడి, తల్లి అయ్యాక మళ్ళీ మైదానానికి వచ్చిన విశాఖ స్నేహ దీప్తికీ 30 లక్షలే. ఈ అంకెలు చూసి పొంగిపోయే ముందు ఇంకో అంకె కూడా గుర్తుంచుకోవాలి. 2025 వేలంలో ఒక మహిళా జట్టు మొత్తానికి పెట్టిన ఖర్చు పరిమితి 15 కోట్లు. అంతకు ఏడాది ముందు మగవాళ్ళ వేలంలో రిషభ్ పంత్ ఒక్కడికే 27 కోట్లు పలికింది.

అయితే నన్ను తొలిచింది అంకెల్లో తేడా కాదు. అదే సాయంత్రం దీప్తి శర్మ విషయంలో జరిగినది. ప్రపంచ కప్పులో 22 వికెట్లు, 215 పరుగులు. టోర్నీలో ఉత్తమ క్రీడాకారిణి ఆమే. ఆమె పేరు పిలిచినప్పుడు ఢిల్లీ ఒక్కటే కనీస ధర 50 లక్షలకి చెయ్యెత్తింది. ఇంకెవరూ పలకలేదు. అప్పుడు ఆమె పాత జట్టు యూపీ వారియర్జ్, ఆ ధరకి ఆమెని తిరిగి తీసుకునే హక్కు తమకుందని కార్డు వాడింది. నిబంధన ప్రకారం ఢిల్లీకి ధర పెంచడానికి ఒక అవకాశం ఇచ్చారు. వాళ్ళు ఒక్కసారిగా 3 కోట్ల 20 లక్షలన్నారు. యూపీ సరేనంది. ఆ రోజు వేలంలో అదే అత్యధిక ధర. నిమిషాల్లో ఒక మనిషి విలువ ఆరు రెట్లు దాటింది. ఆ నిమిషాల్లో ఆమె బౌలింగు మారలేదు, బ్యాటింగు మారలేదు. మారిందల్లా రెండు యాజమాన్యాల పంతం. ఆమెకి ఏ ఊళ్ళో, ఏ కోచ్ దగ్గర ఆడాలనుందో ఆ బల్లల దగ్గర అడిగినవాళ్ళు లేరు. అడిగే నిబంధన కూడా లేదు.

ఆమే కదా తన పేరు వేలానికి ఇచ్చింది అంటారు. నిజమే. అంగీకారం ఉంది. కానీ గుమ్మం దగ్గర ఒకసారి తీసుకున్న అంగీకారంతో లోపల జరిగేవాటన్నిటినీ సరిపెట్టడం మనకి కొత్త కాదు. "పెళ్ళికి ఒప్పుకున్నావుగా" అనే మాట ఎన్ని ఇళ్ళలో ఎన్ని నోళ్ళు మూయించలేదు?

ఇది ఆడవాళ్ళకి మాత్రమే ఉన్న ఇబ్బంది కాదు. 2010లో రవీంద్ర జడేజా తన జట్టులో ఉంటూనే ఇంకో జట్టుతో సొంతంగా బేరమాడాడని ఆ ఏడాది ఐపీఎల్ అంతా ఆడనివ్వలేదు. జట్లు అతని గురించి బేరమాడుకుంటే అది వ్యాపారం. అతను తన గురించి బేరమాడుకుంటే నేరం. 2025 నవంబరులో చెన్నై, రాజస్థాన్ జట్లు ఆటగాళ్ళని మార్చుకున్నప్పుడు అదే జడేజా అదే రాజస్థాన్‌కి తిరిగి వెళ్ళాడు. ఫీజు 18 కోట్ల నుంచి 14 కోట్లకి తగ్గింది. ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. ఇలాంటి మార్పిడికి ఆటగాడి సమ్మతి ఉండాలన్న నియమం ఇప్పుడుంది.

ఆ సమ్మతి కోసం అమెరికా బేస్‌బాల్‌లో పెద్ద పోరాటమే జరిగింది. 1969లో కర్ట్ ఫ్లడ్ అనే నల్లజాతి ఆటగాణ్ణి సెయింట్ లూయిస్ జట్టు అతన్ని అడక్కుండానే ఫిలడెల్ఫియాకి ఇచ్చేసింది. జీతం బాగానే ఉంది. అయినా అతను వెళ్ళనన్నాడు. ఎంత జీతమిచ్చినా తన ఇష్టంతో పనిలేకుండా చేతులు మారే ఆస్తిని కానని క్రీడా కమిషనరుకి ఉత్తరం రాశాడు. ఆటగాళ్ళ సంఘం అతని వెనక నిలబడింది. 1972లో సుప్రీంకోర్టులో ఓడిపోయాడు, అతని ఆట కూడా ముగిసిపోయింది. కానీ 1975లో మెసర్‌స్మిత్, మెక్‌నాలీ అనే ఇద్దరు పిచర్లు - మన లెక్కలో బౌలర్లు - కొత్త ఒప్పందం మీద సంతకం చేయకుండా ఏడాది గడిపి, మధ్యవర్తి తీర్పుతో స్వేచ్ఛ సంపాదించారు. ఫ్లడ్ అడిగింది ఎక్కువ డబ్బు కాదు. వద్దనే హక్కు. మనకి 2019లో ఏర్పడిన క్రికెటర్ల సంఘంలో ఉన్నది మాజీలే. ఇప్పుడు ఆడుతున్న అమ్మాయి వద్దంటే వెనక నిలబడేదెవరు?

ఇంత దూరం ఆలోచించాక నేను మా ఇంటికే రావాలి. తప్పదు.

ఆ ఆదివారం మా పిల్ల గురించి రెండు కాలేజీల నుంచి వచ్చిన కబుర్లు తేల్చడానికి మా మరిది నన్ను ఉండిపొమ్మన్నాడు. "వదినగారూ, మీరు లెక్చరరుగా చేశారు, మీకే తెలుస్తుంది" అన్నాడు. హైదరాబాదు దగ్గర కాలేజీవాళ్ళు డిగ్రీ మూడేళ్ళూ ఫీజు లేదు, హాస్టలు ఉచితం, నెలనెలా చేతిఖర్చు ఇస్తామన్నారు. కానీ మూడేళ్ళూ వాళ్ళ జట్టుకే ఆడాలి. మధ్యలో మానేస్తే ఫీజంతా వెనక్కి కట్టాలి. గుంటూరు వైపు కాలేజీవాళ్ళు సగం ఫీజు తగ్గిస్తామన్నారు. హాస్టలు ఖర్చు మనదే, బాండు లేదు. నేను కాగితం తీసుకుని మధ్యలో గీత గీశాను. అటు లాభాలు, ఇటు నష్టాలు. ఫీజు, దూరం, హాస్టల్లో భద్రత, తర్వాత ఉద్యోగం. మగవాళ్ళు లెక్కలు చెబుతున్నారు, నేను రాస్తున్నాను. పిల్ల టీ పట్టుకొచ్చి కప్పులు పెట్టి లోపలికి వెళ్ళిపోయింది.

అప్పుడు గుర్తొచ్చింది. 1986లో నాకు ఒకేసారి రెండు సంబంధాలు వచ్చినప్పుడు మా నాన్న క్యాలెండరు కాగితం వెనక ఇలాగే గీత గీశారు. నేను వంటింట్లోంచి విన్నాను. నలభై ఏళ్ళు ఆ గీత గురించి రాసి, మాట్లాడి, చివరికి దాన్ని నా చేత్తోనే గీశాను. మా ఊళ్ళో రాజావారి బాలభారతీ నాటక సమాజం నటులకి నెల జీతాలిచ్చి నడిచిన రోజుల్లో స్త్రీ పాత్రలు ఎక్కువగా మగవాళ్ళే వేసేవారు. ఆడదాని మాట ఆమె బదులు ఇంకొకరు చెప్పడం మాకు అంత పాత అలవాటు.

"అమ్మాయ్, ఇటు రా" అని పిలిచాను. "నువ్వేమంటావే?"

అది చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "పెద్దమ్మా, అక్కడ నాకు కొత్త బంతి ఇస్తారా?" అంది.

2016 నవంబరులో, దానికి ఎనిమిదేళ్ళప్పుడు, ఇబ్రహీంపట్నం దాటి మూలపాడు గ్రౌండుకి తీసుకెళ్ళాను. మన అమ్మాయిలు వెస్టిండీస్‌తో ఆడుతున్నారు. కొత్త బంతి మెరుపు పోయేలోపు ఎలా తిరుగుతుందో అది కళ్ళార్పకుండా చూసింది. ఫాస్ట్ బౌలరుకి కొత్త బంతి చేతికి రావడమంటే జట్టు తనని నమ్మినట్టు. మా కాగితం మీద ఆ మాటే లేదు. మాలో ఎవరికీ తట్టలేదు.

పిల్లే రెండు చోట్లా కోచ్‌లకి ఫోను చేసింది. హైదరాబాదు వైపు ఆయన తమకి ఇద్దరు ఫాస్ట్ బౌలర్లున్నారని, దీన్ని మూడో బౌలరుగా వాడతామని నిజాయితీగానే చెప్పాడు. రెండో చోట కొత్త బంతి నీకే అన్నారు. అది గుంటూరు వైపే వెళ్తానంది. మా మరిది ముఖం మాడ్చుకున్నాడు. మూడేళ్ళకి తేడా చిన్న మొత్తం కాదు, అతని కౌలు సేద్యానికి అది భారమే. పదిహేడేళ్ళ పిల్లకేం తెలుసన్న అతని మాటలో కొంత నిజం ఉంది. దాని లెక్క తప్పవచ్చు కూడా. భుజానికి దెబ్బ తగిలితే కొత్త బంతి ఏం చేస్తుంది? మన బాధ్యత దానికి తెలియనివి చెప్పడం. బాండు అంటే ఏమిటో, దెబ్బ తగిలితే చదువు ఏమవుతుందో కూర్చోబెట్టి చెప్పాను. చెప్పాక నిర్ణయం మళ్ళీ మా చేతుల్లోకి లాక్కుంటే చెప్పడానికి అర్థం లేదు.

అందుకే ఆ ముసలావిడ ప్రశ్నకి నాకు దొరికిన జవాబు ఇంతే. ఒక మనిషి నైపుణ్యానికి బేరం జరగడంలోనే అవమానం లేదు. కూలి రేటు కోసం బేరమాడే నాట్ల కూలీలకి అది మనకంటే బాగా తెలుసు. ఆ బేరంలో ఆ మనిషి మాట లేకపోవడంలో ఉంది అవమానం, కోట్లు వచ్చినా సరే. మాట ఉన్నచోట తక్కువ ధర కూడా గౌరవమే కావచ్చు. వేలంపాటని రేపే ఎత్తేయమని నేననను. ఏ జట్లకి వెళ్ళనో ముందే చెప్పే వీలు, వద్దన్నందుకు శిక్ష పడకుండా చూసే ఆటగాళ్ళ సొంత సంఘం - కనీసం ఈ రెండూ అడగాలి. అడిగే ముందు, ఎవరిళ్ళలో వాళ్ళం గీసే గీతల్ని కూడా ఒకసారి చూసుకోవాలి.

ఆ కాగితం ఇంకా నా దగ్గరే ఉంది. గీతకి రెండు వైపులా నా దస్తూరి. అడుగున, అడ్డంగా, పిల్ల చేతి రాత: కొత్త బంతి.