ఆయుష్షులో వాటా

సోమవారం నాంపల్లిలో ఒక ఆఫీసు పని ఉండి, ఆదివారం పొద్దున్నే హైదరాబాద్ చేరాను. రోజంతా ఖాళీ. నాంపల్లి స్టేషన్ నుంచి నడుచుకుంటూ ఆబిడ్స్ పోయాను. ఆదివారం అక్కడ మూసిన షాపుల ముందు ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరుస్తారు. మాలాంటి పంతుళ్లకు అది పెద్ద సంత. ఆ కుప్పల్లో మల్లు స్వరాజ్యం గారి ఆత్మకథ 'నా మాటే తుపాకి తూటా' దొరికింది. బేరమాడి కొన్నాను. ఆ రాత్రి చాలాసేపు చదివాను.

ఆమె గురించి తెలియనివాళ్ల కోసం నాలుగు మాటలు. 1931లో తుంగతుర్తి దగ్గర కర్విరాల కొత్తగూడెంలో భూస్వాముల ఇంట పుట్టింది. భీమిరెడ్డి నర్సింహారెడ్డి ఆమె అన్న. వెట్టి పోవాలని ఆంధ్రమహాసభ పిలుపిస్తే, 11 ఏళ్ల వయసులో తమ ఇంటి బియ్యం కూలీలకు పంచింది. తర్వాత తెలంగాణ సాయుధ పోరాటంలోకి వెళ్లింది. గోదావరి అడవుల్లో మన ఆదివాసుల మధ్య రాజక్క అనే పేరుతో పనిచేసింది. ఆమెను పట్టిచ్చినవాళ్లకు 10,000 రూపాయలు ఇస్తామని ప్రభుత్వం ప్రకటించింది. ఆమె దొరకలేదు. 1951 అక్టోబరులో పోరాటం విరమించేనాటికి ఆమెకు 20 ఏళ్లు. 2022 మార్చి 19న హైదరాబాద్‌లో కన్నుమూసేనాటికి 90 దాటాయి.

సోమవారం పని ముగించుకుని అసెంబ్లీ ముందు కాసేపు నిలబడ్డాను. 1913లో టౌన్‌హాలుగా పూర్తయిన తెల్లటి భవనం అది. 1978లో, 1983లో తుంగతుర్తి నుంచి గెలిచి ఆమె అక్కడికి వచ్చింది. ఎదురుగా గన్‌పార్కులో 1969 ఉద్యమంలో ప్రాణాలిచ్చినవాళ్ల స్తూపం ఉంది. మంచిదే, ఎవరినో ఒకరిని మరిచిపోకుండా ఉన్నాం అనుకుంటూ ఊరికి బయలుదేరాను.

బడికి వెళ్లాక ఈ కథ ఐదో తరగతికి చెప్పాను. పిల్లలు తుపాకీ గురించి అడుగుతారనుకున్నాను. వెనక వరుసలోంచి ఒక పిల్ల లేచి, "సారూ, అడవిలో ఆమెకు బువ్వ ఎవరు పెట్టిండ్రు?" అంది.

"మనోళ్లే" అన్నాను.

"వాళ్ల పేర్లేంది?"

నా దగ్గర ఒక్క పేరు లేదు.

అప్పటినుంచి ఆ 10,000 రూపాయలు నన్ను వదల్లేదు. వంద రూపాయలు ఒక్కచోట చూడని గూడేలవి. ఒక్క నోరు జారినా చాలు, రాజక్క కథ ఇరవై ఏళ్లు నిండకుండానే ముగిసేది. ఎవరూ నోరు జారలేదు. అంటే ఆ తర్వాత ఆమె బతికిన 70 ఏళ్లలో ఆ గూడేలకూ వాటా ఉంది. మనిషి ఆయుష్షు ఆ ఒక్క మనిషిదే అనుకుంటాం. కాదు. కాపాడినవాళ్లది కూడా.

ఆ వాటాకు వాళ్లు ఏం చెల్లించారో కూడా చెప్పుకోవాలి. దళాలకు తిండి అందకూడదని సైన్యం కోయగూడేలను తగలబెట్టి జనాన్ని క్యాంపుల్లోకి తోలింది. పుచ్చలపల్లి సుందరయ్య గారు తన పోరాట చరిత్రలో ఈ సంగతి రాశారు. మా నాయనమ్మ దాన్ని 'క్యాంపుల కాలం' అనేది. ఎవరి వయసు చెప్పాలన్నా క్యాంపులకు ముందు, క్యాంపుల తర్వాత అని లెక్క కట్టేది. రాత్రిపూట ఎవరెవరికి జావ పోసిందో మాత్రం ఎన్నడూ చెప్పలేదు. స్వరాజ్యం గారు మా ఇంటికి వచ్చారని నేననను. ఎవరొచ్చినా మా నాయనమ్మ చెప్పేది కాదు. చెప్పకపోవడమే ఆ రోజుల్లో ధర్మం. వచ్చినవాళ్లను కాపాడిన ఆ మౌనమే, చివరికి కాపాడినవాళ్ల పేర్లను మింగేసింది.

స్వరాజ్యం గారు దొర బిడ్డ కాబట్టి పేరు నిలిచింది, మనోళ్లకు ఆ భాగ్యం లేదు అని కొందరంటారు. అందులో నిజముంది. ఆమెకు చదువుంది, పార్టీ ఉంది, చెబుతుంటే రాసిపెట్టినవాళ్లున్నారు. కానీ మాట అక్కడే ఆపితే ఆమెకు అన్యాయం చేసినట్టే. ఇరవై ఏళ్లకే పేరొచ్చిన మనిషి మిగతా ఆయుష్షంతా ఆ పేరు మీద కూర్చుని గడపొచ్చు. ఆమె కూర్చోలేదు. సూర్యాపేట ప్రాంతంలో సంసారం చేసుకుంటూ మహిళా సంఘాల పని చేసింది. సారా వ్యతిరేక ఉద్యమంలో నిలబడింది. పోయాక ఆమె దేహాన్ని కూడా నల్లగొండ ప్రభుత్వ వైద్య కళాశాలకు ఇచ్చారు. దక్కిన ఆయుష్షును తన ఒక్కదానిదే అనుకున్న మనిషి ఇట్లా బతకదు. మనం మాత్రం తుపాకీ పట్టిన నాలుగైదేళ్లే తలుచుకుంటాం. మిగిలిన 70 ఏళ్లను వదిలేస్తాం. జావ పోసిన చేతులను వదిలేసినట్టే.

ఆబిడ్స్ అనే పేరు ఒక దుకాణందారుది. ఆరవ నిజాం కొలువులో ఉన్న ఆల్బర్ట్ ఆబిద్ అక్కడ దుకాణం పెట్టాడు. దుకాణం పోయింది, పేరు ఇప్పటికీ సిటీ బస్సుల మీద తిరుగుతోంది. పేరు నిలవడానికి గొప్ప పనే చేయనక్కర్లేదు. పదిమంది రోజూ పలికితే చాలు. మన ముసలమ్మల పేర్లు మనమే పలకకపోతే ఇంకెవరు పలుకుతారు?

అయితే నాకొక సందేహం వచ్చింది. వాళ్లు దాచినదాన్ని బయటపెట్టే హక్కు మనకుందా? చాలారోజులు ఆలోచించాను. వాళ్లు దాచింది అతిథిని, తమను కాదు. అతిథికి ఇప్పుడు ఏ అపాయమూ లేదు. ఇంకా దాస్తే అది ధర్మం కాదు, మరుపు.

అందుకే మార్చి నెలలో మా బడిలో ఒక నోటుబుక్కు పెట్టాను. ప్రతి పిల్లా ఇంట్లో అడిగి ఒక ముసలమ్మ పేరు రాయాలి. పక్కన 'ఏం చేసింది' అని ఒక గడి. మొదటి పేరు మా నాయనమ్మది. వెనక వరుస పిల్ల వాళ్ల తాతను కన్నతల్లి పేరు తెచ్చింది. పక్క గడిలో ఒక్క మాటే రాసింది: 'చెప్పలేదు'.

ఎర్ర పెన్ను తీశాను. మళ్లీ జేబులో పెట్టుకున్నాను.