ఆకాశదర్శనములు – గ్రహచారము

ఆకాశమున నెఱుగరాని వస్తువు కానవచ్చెనని జనులు చెప్పిన దినములను వరుసగా వ్రాసి, ఆయా దినముల గ్రహస్థితులతో సరిపోల్చి, రెంటికిని సంబంధము కలదేమో యని లెక్కించు ప్రయత్నము పాశ్చాత్యదేశములలో బహుకాలము క్రిందనే జరిగినది. 1952లో అమెరికాయందును, 1954లో ఫ్రాన్సునందును ఎగిరే పళ్లెముల వార్తలు వెల్లువగా వచ్చినవి. ఆ రెండు సంవత్సరములందును కుజుడు సూర్యున కెదురుగా నిలిచి భూమికి సమీపించెను. కావున సుమారు 780 దినముల కొకసారి కలుగు కుజసామీప్యమే ఆ దర్శనములకు హేతువని కొంద ఱూహించిరి. అయితే ఈ వార్తలకు తొలిదైన 1947 జూన్ నాటి వెల్లువ కుజుడు చేరువలో లేనప్పుడే పుట్టినది. అతడు దగ్గఱకు వచ్చినది 1948 ఫిబ్రవరిలో. అమెరికా వైమానికదళము 1969 వఱకు పరిశీలించిన 12,618 వృత్తాంతములలో నేమియు తేలక మిగిలినవి 701 మాత్రమే. తక్కినవానిలో పెక్కు గ్రహనక్షత్రములు, ఉల్కలు, విమానములు, బెలూనులు. సంధ్యవేళ శుక్రుడు మిక్కిలిగా వెలుగు మాసములలో ఇట్టి వార్తలు పెరిగిన యెడల గ్రహసంబంధము నిజమే. చూచినది శుక్రునే కదా!

ఆంధ్రుడైన అన్నంభట్టు 17వ శతాబ్దిలో రచించిన తర్కసంగ్రహమును చదివిన విద్యార్థి కీ చిక్కు క్రొత్తది కాదు. పొగ యున్నచోట నిప్పుండుట నియతము. నిప్పున్నచోట నెల్ల పొగ యుండునా యనగా, పచ్చికట్టె తోడైననే యుండును. ఆ పచ్చికట్టెయే ఉపాధి. రెండు విషయములు పలుమాఱు కలసి కానబడినంతమాత్రమున నొకటి రెండవదానికి కారణమని నిశ్చయింపరాదనియు, వాని నడుమ దాగిన యుపాధిని వెదకవలెననియు మన తార్కికులు బోధించిరి. నేటి గణాంకశాస్త్రజ్ఞుని శ్రమలో సగ మిదియేనని నా నమ్మకము.

మన ప్రాంతమునే తీసికొందము. మహాశివరాత్రినాడు సూర్యుడు కుంభరాశియందుండును, చంద్రుడు క్షీణించి రాత్రి చీకటిగా నుండును; మహబూబాబాదు జిల్లా కురవి వీరభద్రస్వామి సన్నిధిని భక్తులు వేలకొలది జాగరణ చేయుదురు. ఆ రాత్రి ఉల్క రాలినను, ఉపగ్రహము సాగిపోయినను, దానిని చూచు కన్నులు తక్కిన రాత్రులకంటె నెన్నియో రెట్లు. బృహస్పతి మిథునమును ప్రవేశించెనని 2025 మే 15 మొదలు 26 వఱకు భూపాలపల్లి జిల్లా కాళేశ్వరమున సరస్వతీపుష్కరములు జరిగినవి. ఆ త్రివేణీసంగమమున నిలిచిన యసంఖ్యాకజనులలో ఎవ్వరైన నొక వెలుగును చూచి చెప్పినచో, పట్టిక వ్రాయువాడు దానిని గురుసంచారము క్రిందనే లెక్కించును. జనులను నది కడకు తెచ్చినది పంచాంగమను సంగతి ఆ పట్టికలో నుండదు.

2022 డిసెంబరు 7వ తేదీ యుదయమున హైదరాబాదు ఆకాశమున తెల్లని వస్తువొకటి కానబడి జనులకు విస్మయము గొలిపినది. అది టాటా మౌలిక పరిశోధన సంస్థవారి బెలూను కేంద్రమునుండి యెగసిన పరిశోధన బెలూను. దాని పెట్టె వికారాబాదు జిల్లా పొలములో దిగినది. ఇట్టి బెలూనుల నెగురవేయుట సాధారణముగా చలికాలమందే. రాశులతో లెక్కించువాడు వృశ్చిక ధనుస్సులందలి సూర్యుని కారణముగా చూపును. ఉపాధి గాలివాటము, ఋతువు.

ఇందుచే భక్తికి లోపము కలుగునా? కలుగదు. జనగామ జిల్లాలోని బమ్మెర గ్రామమువాడని ప్రసిద్ధిగన్న పోతన్న, చంద్రగ్రహణవేళ నదీస్నానము చేసి ధ్యానమందుండగా శ్రీరామచంద్రుడు దర్శనమిచ్చెనని భాగవతావతారికయందు చెప్పుకొనెను. గ్రహణము కారణమైనచో ఆ రాత్రి స్నానమాడిన ప్రతివానికిని ఆ దర్శనము కలుగవలసినది. కాలము సంకల్పమునకు నిమిత్తము. అనుగ్రహము పట్టికల కందదు, అందవలసిన పనియు లేదు. కాని గ్రహము తన శక్తిచే ఆకాశమున వస్తువులను పుట్టించునని చెప్పువాడు లోకవిషయము చెప్పుచున్నాడు. అతడు పరీక్షకు నిలువవలెను.

కావున మహబూబాబాదు, భూపాలపల్లి, జనగామ జిల్లాల ఉపాధ్యాయులకును యువకులకును నా విన్నప మొక్కటి. ఆకాశమున వింత వెలుగు కానబడినపుడు గంట, దిక్కు, ఎంతసేపు కనబడినది, ఆవేళ ఆరుబయట నెంద ఱుండిరి – ఇవి వ్రాసియుంచుడు. ఏమియు కానరాని రాత్రులను సైతము అంత శ్రద్ధతోను వ్రాయుడు.